దగ్గకుండా కూర్చున్న రెండు గంటలు

బెజవాడ గవర్నర్‌పేటలో బట్టల కొట్టు నడిపే కోటిలింగానికి నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా తీరని కోరిక ఒకటి ఉండేది. తన పేరు అచ్చులో చూసుకోవాలని. కూతురి పెళ్ళి శుభలేఖలో పడింది గానీ, శుభలేఖలో ఎవరి పేరైనా పడుతుంది. ఎవరినీ బతిమాలకుండా, కేవలం తన గొప్పతనం వల్ల పేరు పడాలి. ఆ గొప్పతనం ఏమిటో మాత్రం ఆయనకు చాలాకాలం తెలియలేదు.

అది పంతొమ్మిది వందల నలభై ఆరు వేసవి. యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా బట్ట మీద కంట్రోలు ఎత్తలేదు. బట్టల వ్యాపారి అంటే చాలు, దొడ్డిదారిన తానులు దాటించే రకం అని జనం తీర్మానించుకున్న రోజులు. కోటిలింగం అటువంటి పని ఎన్నడూ చేయలేదు. అందుకు నీతి ఒక కారణం, భయం అంతకన్నా పెద్ద కారణం. పామర్రు దగ్గర పల్లెలో, మగ్గం నేసే ఇంట్లో పుట్టి, తండ్రి వెంట మూట మోస్తూ సంతలు తిరిగి, చివరికి పట్నంలో కొట్టు పెట్టిన మనిషి ఆయన. అలాంటివాణ్ణి పట్టుకుని, పక్కింటి ప్లీడరు పాండురంగయ్య ఒకనాడు కాఫీ హోటల్లో నలుగురి ముందూ, ఆడవాళ్ళకు చీరలు దొరక్కపోవడం వీళ్ళ చలవేనని నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు కోటిలింగానికి నెలల తరబడి నిద్రలో కూడా వినబడింది.

కొట్టులో సరుకు లేదు గనక తీరిక దండిగా ఉంది. ఆ తీరికలో ఆయనకు పిట్టల పిచ్చి పట్టింది. ఒక నోటుబుక్కు కొని, అట్ట మీద "పక్షి పరిశీలనము" అని పెద్దక్షరాలతో రాసుకున్నాడు. లోపల రాయడానికి పిచ్చుకలూ గోరింకలూ తప్ప ఏమీ దొరకలేదు. ఒకసారి పసుపుపచ్చని వంగపండు పిట్ట గోడమీద వాలింది గానీ, కళ్ళజోడు తెచ్చుకునేలోగా ఎగిరిపోయింది. పొద్దున ఎనిమిదింటికి కొట్టుకు పోయి రాత్రి ఎనిమిదింటికి వచ్చే మనిషికి అంతకన్నా ఏం కనబడతాయి?

ఆయన ఇంటికి రెండు వాటాలు. ముందు వాటాలో తానూ భార్య చౌడేశ్వరమ్మా ఉండేవారు. వెనక వాటా రైల్వే షెడ్డులో ఫిట్టరుగా పనిచేసే నాగుల్ మీరాకు అద్దెకిచ్చారు. నాగుల్ మీరా భార్య జహీదాకు ఇరవై రెండేళ్ళుంటాయి. వాళ్ళది గోషా ఇల్లు. పెరడూ బావీ ఇద్దరికీ ఉమ్మడి కావడంతో, మొదటి రోజే ఒక ఏర్పాటు జరిగింది. కోటిలింగం పెరట్లోకి పోవాలంటే వంటింటి గడపలో నిలబడి దగ్గాలి. దగ్గి, మనసులో పది లెక్కపెట్టుకుని, అప్పుడు అడుగు బయట పెట్టాలి. ఆ పది అంకెల్లో జహీదా లోపలికి వెళ్ళిపోయేది. అయిదేళ్ళుగా ఈ దగ్గు ఒక్కనాడూ తప్పలేదు. ఆయనకు జలుబు చేసినప్పుడే వచ్చేది చిక్కు. దగ్గినప్పుడల్లా ఆ పిల్ల బిందె వదిలేసి లోపలికి పరుగెత్తేది. చౌడేశ్వరమ్మ వెనకాలే వెళ్ళి, ఇది పెరటి దగ్గు కాదమ్మాయ్, ఉత్త దగ్గే, రా, అని పిలుచుకొచ్చేది.

ఆయన ఆ అమ్మాయి ముఖం ఎన్నడూ చూడలేదు. పేరు తెలుసు గానీ పైకి అనడు. మీరాగారి ఇంట్లోవాళ్ళు అనే అంటాడు. మర్యాద అలాంటిది.

ఆ ఏడు శీతాకాలంలో పెరట్లోకి తోక పికిలిపిట్టల జంట ఒకటి వచ్చింది. మగదానికి ఒళ్ళంతా తెలుపు, తల నలుపు, మూరెడు తోక. ఆడది ఎర్రన, తోక పొట్టి. చలికాలంలో ఇటువైపు రావడం, మాఘం వెళ్ళేసరికి కొండల్లోకి పోవడం ఈ పిట్టలకు అలవాటు. కానీ ఆ జంట పోలేదు. ఫాల్గుణం వెళ్ళింది, ఉగాది వెళ్ళింది, అక్కడే ఉన్నాయి. చైత్రం చివర్లో వెనక వాటా కిటికీ ముందున్న జామచెట్టు కొమ్మకు గూడు కట్టాయి.

ఈ సంగతి కోటిలింగానికి ఎలా తెలిసిందంటే, అన్నం తింటుండగా భార్య చెప్పింది. భార్యకు జహీదా చెప్పింది. బావిగట్టు మీద నిలబడితే సన్నజాజి పందిరి అడ్డం వస్తుంది. వంటింట్లోంచి చూస్తే చెట్టు పైకొమ్మలు మాత్రమే కనబడతాయి. చెట్టు కిందికి పోదామంటే అది గోషా కిటికీ ముందు నిలబడటమే గనక కుదరదు. ఇక గూడు కనబడేది లోకం మొత్తానికి ఒక్కచోటి నుంచే, జహీదా గదిలో కిటికీ దగ్గర ట్రంకుపెట్టె మీద నిలబడితే.

ఆ అమ్మాయి అలా నిలబడే చూసింది. పిట్టలు సాలెగూళ్ళు ముక్కున కరుచుకొచ్చి గూటికి బయటవైపు మెత్తడం చూసింది. మూడు గుడ్లు, గులాబీ రంగు మీద ఎర్రచుక్కలవి, లెక్కపెట్టింది. ఆడది పొదగడానికి కూర్చున్న శుక్రవారం నుంచి కిటికీ పక్కన గోడమీద బొగ్గుతో రోజుకో గీత గీసింది. చౌడేశ్వరమ్మ ఆ కబుర్లన్నీ మధ్యాహ్నం బావి దగ్గర విని, రాత్రి మొగుడికి వడ్డించేది. మొగుడు చెయ్యి కడుక్కుని అవి నోటుబుక్కులో ఎక్కించేవాడు. మొదట్లో "విన్నాను" అని రాసేవాడు. నాలుగైదు రోజులయ్యాక ఆ మాట చదవడానికి బాగాలేదని మానేశాడు.

ఒక రాత్రి చౌడేశ్వరమ్మ, మగపిట్ట కూడా గుడ్లమీద కూర్చుంటోందని చెప్పింది. ఆడది తిండికి పోతే అది వచ్చి కూర్చుంటుందట, తెల్లతోక గూట్లోంచి కిందికి వేలాడుతుందట. కోటిలింగం నమ్మలేదు. అంత తోక పెట్టుకున్న మగాడు గుడ్లమీద కూర్చోవడమేమిటని కొట్టిపారేశాడు. చౌడేశ్వరమ్మ మర్నాడు మళ్ళీ అడిగి వచ్చింది. నిజమే. పొద్దున ఆరు మొదలు ఎనిమిది దాకా మగదే కూర్చుంటోంది. అప్పుడు కోటిలింగానికి ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళూ తనకు తెలియని తన గొప్పతనం ఇదేనని తోచింది.

ఊళ్ళో ఒక వారపత్రిక ఉంది. పాఠకుల ఉత్తరాలకు అందులో ఒక పేజీ. మంగళవారం రాత్రి కోటిలింగం ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. మొదటి చిత్తులో, నిజం చెప్పాలి, మా ఇంట అద్దెకున్న వారి స్త్రీలు చూచి చెప్పగా అనే రాశాడు. రాసి ఆలోచించాడు. గోషా ఇంటి ఆడమనిషి ప్రస్తావన అచ్చులో పెట్టడం మర్యాదేనా? కాదు. కొట్టేశాడు. అంతవరకూ బాగానే ఉంది. మరి ఎవరు చూసినట్టు రాయాలి? విన్నానంటే పత్రికవాళ్ళు వేస్తారా? అక్కడ కలం కాసేపు ఆగింది. మర్యాద చూపిన దారినే ఆశ వచ్చి కూర్చుంది. చివరికి ఆయన రాసి పంపింది ఇది:

"నేను దినమునకు రెండు గంటల చొప్పున, ఉదయము ఆరు మొదలు ఎనిమిది వరకు, మా పెరటి బావిగట్టుపై పీట వేసికొని, చప్పుడు చేయక కూర్చుండి గమనించితిని. గూడు మా అద్దె వాటా కిటికీకి మూడు మూరల దూరమున నున్నది. మగపక్షియు గుడ్లను పొదుగుట నేను కన్నులార చూచితిని."

సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. రాస్తున్నప్పుడు ఆ సామెత ఆయనకు గుర్తు రాలేదు. ఎవరికీ నష్టం లేదు గదా అనే అనుకున్నాడు.

తరువాతి మంగళవారం పత్రిక వచ్చింది. కింద "కె. కోటిలింగం, గవర్నర్‌పేట" అని స్పష్టంగా ఉంది. కాఫీ హోటల్లో పాండురంగయ్య స్వయంగా లేచి వచ్చి చెయ్యి కలిపాడు. బట్టల కొట్టువాళ్ళలో ఇంత జ్ఞానం ఉందని తనకు తెలియదన్నాడు. ఆ రోజంతా కోటిలింగం కొట్టులో నేలమీద నడిచినట్టు లేదు. బందరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే అబ్రహాము అనే ఆయన వెంటనే కార్డు రాశాడు. ఈ పిట్ట డెల్టాలో పొదగడం తానెప్పుడూ వినలేదనీ, ఆదివారం వచ్చి చూసి, పొదిగిన రోజుల లెక్క రాసుకుంటాననీ, ఆ లెక్క ఇటువైపు ఎవరిదగ్గరా లేదనీ.

చౌడేశ్వరమ్మకు చదువు రాదు. మంగళవారం మధ్యాహ్నమే పత్రిక పట్టుకుని, మురిసిపోతూ వెనక వాటాకు వెళ్ళింది. నీ పిట్ట అచ్చులో పడిందమ్మాయ్, చదివి వినిపించమంది. అయిదో తరగతి దాకా చదివిన జహీదా కూడబలుక్కుంటూ చదివింది. పీట వేసికొని అన్నచోటికి వచ్చేసరికి గొంతు తగ్గింది. కన్నులార చూచితిని అన్నదాకా చదివి, కాగితం మడతలు పోకుండా మళ్ళీ మడిచి, చౌడేశ్వరమ్మ చేతిలో పెట్టింది.

"బాబాయిగారు బాగా రాశారు పిన్నిగారూ" అంది.

ఆ రాత్రి చౌడేశ్వరమ్మ మొగుడికి వడ్డించింది గానీ, కబుర్లు వడ్డించలేదు. కోటిలింగం అడగనూ లేదు. ఆయన పత్రికలో తన పేరు మళ్ళీ మళ్ళీ చూసుకోవడంలో మునిగి ఉన్నాడు.

బుధవారం సాయంత్రం కొట్టు నుంచి వచ్చేసరికి పెరటి వైపు నుంచి సుత్తి చప్పుడు వినబడింది. నాగుల్ మీరా తన గది కిటికీకి లోపలి నుంచి గోనెపట్టా పెట్టి మేకులు కొడుతున్నాడు. నాలుగు వైపులా కొట్టాడు. మర్నాటి నుంచి జహీదా బావికి రాలేదు. నాగుల్ మీరాయే తెల్లవారకుండా లేచి నీళ్ళు తోడి లోపల పెట్టి షెడ్డుకు పోయాడు. ఇంటి అద్దె సంగతి గానీ, మరే సంగతి గానీ ఎత్తలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే సలాం చేశాడు.

కోటిలింగానికి మొదట అర్థం కాలేదు. ఎండకేమో అనుకున్నాడు. గురువారం రాత్రి చౌడేశ్వరమ్మ అన్నం పెట్టి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆవిడ అలా కూర్చున్నది మూడు నాలుగు సార్లే.

"మీరు పొద్దున్నే రెండు గంటలు బావిగట్టు మీద కూర్చున్నారా?" అని అడిగింది.

ఆయన, రాతలో అలా రాయాల్సి వస్తుందని ఏదో గొణిగాడు.

"ఆ పిల్లని అడిగొచ్చాను. షెడ్డులో నాగుల్ మీరాని పట్టుకుని నవ్వారంట. మీ ఇల్లుగలాయనకి పిట్టలంటే అంత ప్రేమా, రోజూ రెండేసి గంటలు నీ కిటికీ కేసి చూస్తన్నాడంటగా అని. చదివి మరీ వినిపించారంట."

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఉత్తరం రాస్తున్నంతసేపూ కోటిలింగానికి గూడు కనబడింది, తన పేరు కనబడింది, పాండురంగయ్య ముఖం కనబడింది. కిటికీ కనబడలేదు. కిటికీ వెనక ఒక మనిషి ఉందన్నది కనబడలేదు. తనకు తానే కలం పట్టుకుని, గోషా ఇంటి కిటికీ కేసి పరాయి మగాడు చప్పుడు చేయకుండా రెండేసి గంటలు చూశాడని, కింద సంతకం చేసి, ఊరంతటికీ పంచిపెట్టాడు. ఆ పిల్ల పేరు బయటికి రాకూడదన్న మర్యాద కోసం మొదలుపెట్టిన పని ఇది. ఆయనకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చెయ్యి కడుక్కుని లేచాడు.

వెనక వాటా వీధి గుమ్మం దగ్గరకు వెళ్ళి పిలిచాడు. నాగుల్ మీరా బయటికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, మితభాషి. కోటిలింగం తనకు పొద్దున్నే లేచే అలవాటే లేదనీ, బావిగట్టు మీద అసలు కూర్చోలేదనీ, ఏదో రాత కోసం అలా రాశాననీ చెప్పాడు. నాగుల్ మీరా మొత్తం విన్నాడు.

"మీరు కూర్చోలేదని నాకు తెలుసండీ. మా ఇంట్లో చెప్పింది, ఆ మాట నాకు చాలు. మీరు పెరట్లోకొస్తే దగ్గుతారు. అయిదేళ్ళనించీ వింటన్నాం. కానీ దగ్గకుండా రెండు గంటలు కూర్చున్నానని మీరే అచ్చేశారు గదండీ. షెడ్డులో నలుగురూ చదివింది అదే. మీ దగ్గు సంగతి వాళ్ళకేం తెలుస్తది?"

ఆ నలుగురికీ తాను చెబుతానన్నాడు కోటిలింగం. ఏమని చెబుతారని నాగుల్ మీరా అడిగాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. కోటిలింగం చెప్పాలంటే ఒక్కటే మాట ఉంది. నేను చూడలేదు, చూశానని అబద్ధం రాశాను. ఆ మాట అన్నాక పాండురంగయ్య నవ్వుతాడు. బట్టల కొట్టువాడు చివరికి పిట్టల్ని కూడా దొడ్డిదారిన తెచ్చుకున్నాడంటాడు. ఆదివారం దాకా ఆగమని నాగుల్ మీరాతో చెప్పి ఇంటికి వచ్చేశాడు. ఆదివారం ఏం చేస్తాడో ఆయనకే తెలియదు.

శుక్రవారం ఏమీ చేయలేదు. శనివారం కొట్టు కట్టేశాక పత్రికాఫీసు దాకా నడిచి, గుమ్మం చూసి, తిరిగి వచ్చేశాడు. పిరికితనానికి కాళ్ళు చాలా ఓపికగా నడుస్తాయి. ఇంటికి వచ్చి దగ్గి, పది లెక్కపెట్టి, పెరట్లోకి వెళ్ళాడు. లోపలికి పోవడానికి అక్కడ ఎవరూ లేరు. గోనెపట్టా అలాగే ఉంది. పందిరికి అవతల పిట్టలు అరుస్తున్నాయి. అటు వెళ్ళి చూసే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఆదివారం పదిగంటల బండికి అబ్రహాముగారు వచ్చారు. తెల్లపంచె, పొడుగు కోటు, మెడలో దూరదర్శిని, చేతిలో నోటుబుక్కు. చాలా నెమ్మదైన మనిషి. చౌడేశ్వరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, చేతులు జోడించి, ఇక చూద్దామా అన్నారు. పాండురంగయ్య కూడా తోడు వచ్చాడు. ఇలాంటి పెద్దమనిషి వీధిలోకి వస్తే పక్కన లేకపోతే ఎలా? నాగుల్ మీరాకు ఆ రోజు సెలవు. తన వాటా పెరటి మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

కోటిలింగం అలవాటుగా దగ్గాడు. పది లెక్కపెట్టాడు. ముగ్గురూ పెరట్లోకి దిగారు.

"మీరు కూర్చునే చోట నేనూ ఒక్కసారి కూర్చుంటానండీ" అన్నారు అబ్రహాముగారు.

ఆయనకు కావలసింది అనుమానం తీర్చుకోవడం కాదు. ఎంత దూరం నుంచి చూస్తే పిట్ట బెదరకుండా ఉందో కొలుచుకోవాలని. కోటిలింగం పీట తెచ్చి బావిగట్టు మీద వేశాడు. తానెన్నడూ కూర్చోని చోట అంత గౌరవంగా పీట వేసి, దాని మీద దుమ్ము కూడా తుడిచాడు. అబ్రహాముగారు కూర్చున్నారు. దూరదర్శిని కళ్ళకు పెట్టుకున్నారు. ఎదురుగా సన్నజాజి పందిరి. కాస్త ఎడమకు జరిగారు. పందిరే. కుడికి జరిగారు. పందిరి, దాని పక్కన కాస్త గోడ. దూరదర్శిని దించి, పందిరి ఈ మధ్య వేసిందా అని అడిగారు. ఆరేళ్ళనాటిదని పాండురంగయ్య చెప్పాడు. చెప్పాక అతనికే ఏదో తట్టినట్టుంది. కోటిలింగం కేసి తిరిగాడు.

"మరి ఇక్కణ్ణించి కనబడదే" అన్నారు అబ్రహాముగారు మెల్లగా.

నాగుల్ మీరా మెట్టు మీద కదలకుండా ఉన్నాడు. అప్పుడే చెప్పేసి ఉంటే కోటిలింగం గురించి ఈ కథలో ఒక మంచిమాట రాసుకోవచ్చు. చెప్పలేదు. మూడు రోజులుగా కూడగట్టుకున్నదంతా ఆ క్షణాన జారిపోయింది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలాగా, ఇంకొక్క అబద్ధం మిగిలి ఉందేమోనని వెతుక్కున్నాడు. దొరికింది.

"నిజానికి మా ఆవిడండీ. మా ఆవిడ చూసి చెప్పింది. ఆడవాళ్ళ పేరు ఎందుకని నేను…"

వంటింటి గడపలో చౌడేశ్వరమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ పరాయి మగవాళ్ళ ముందు నోరెత్తే మనిషి కాదు. గ్లాసులు కింద పెట్టింది.

"నేను చూళ్ళేదు" అంది.

అంతే అంది. లోపలికి కూడా పోలేదు. అక్కడే నిలబడి మొగుడి ముఖం చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలిపడుతోంది. కోపమే అయితే కోటిలింగం ఓర్చుకునేవాడు. పెళ్ళయినప్పటి నుంచి ఈనాటి దాకా ఆ మనిషి ముందు తానెప్పుడూ ఇంత చిన్నవాడు కాలేదు.

కోటిలింగం బావిగట్టుకు ఆనుకున్నాడు. తాను ఒక్కరోజు కూడా చూడలేదని చెప్పాడు. పొద్దున ఏడున్నరకు గానీ తాను స్నానం ముగించననీ, బావిగట్టు మీద పీట వేసుకున్నది ఉత్తరంలోనేననీ చెప్పాడు. గూడు కట్టిన రోజు నుంచి చూసింది మీరాగారి ఇంట్లోవాళ్ళు. మగపిట్ట పొదగడం కనిపెట్టింది వాళ్ళు. తాను మొదట నమ్మను కూడా లేదు. తరువాత తనదిగా రాసుకున్నాడు. ఆ రాత వల్ల మీరాగారికి పనిచేసే చోట తలవంపులయ్యాయి. ఆ కిటికీ గోనెపట్టా తన ఉత్తరం వేయించిందే. పాండురంగయ్య వైపు తిరిగి, ఇదంతా కాఫీ హోటల్లో చెప్పొచ్చు, నేనూ వచ్చి చెబుతాను, పత్రికకు కూడా రాస్తానన్నాడు. పాండురంగయ్య నవ్వలేదు. నేలచూపులు చూశాడు. నవ్వితేనే తేలికగా ఉండేది.

అబ్రహాముగారు పీట మీంచి లేచారు. నాగుల్ మీరా దగ్గరికి వెళ్ళి, మీ ఇంట్లోవాళ్ళు చూసిందంతా రాసుకోవడానికి అనుమతి ఇస్తారా, పేరు రాయవచ్చునా, వద్దంటే మానేస్తానని అడిగారు. నాగుల్ మీరా కిటికీ కేసి చూశాడు. అది తను చెప్పేది కాదండీ అని లోపలికి వెళ్ళాడు.

లోపల ఉర్దూలో మాటలు చిన్నగా వినబడ్డాయి. తరువాత మేకులు పీకుతున్న చప్పుడు. గోనెపట్టా ఒక మూల వేలాడింది, తరువాత కింద పడింది. గది చీకటిగా ఉంది, ఎవరూ కనబడలేదు. కోటిలింగం ఆ వైపు చూడకుండా వీపు తిప్పి నిలబడ్డాడు. నాగుల్ మీరా బయటికి వచ్చి, ఇక అందరూ చెట్టు దగ్గరకు రావచ్చనీ, లోపల వంటింట్లోకి వెళ్ళారనీ చెప్పాడు.

అబ్రహాముగారు జామచెట్టు కిందికి వెళ్ళి తల ఎత్తారు. ఆయన ముఖం వెలిగింది. గూట్లో మూడు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తెల్లతోక మగది పురుగును తెచ్చి ఒక నోట్లో కుక్కి ఎగిరిపోయింది. గుడ్లు ఎప్పుడు పగిలాయని ఆయన ఆత్రంగా అడిగారు. అడిగి కలం తీశారు. ఈ లెక్క కోసమే బందరు నుంచి వచ్చానన్నారు.

నాగుల్ మీరా పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా చేతులు కట్టుకుని చెప్పాడు.

"పేరు రాసుకోవచ్చునంట. జహీదా. శుక్రవారం నించి లెక్క, గోడమీద పదమూడు గీతలున్నాయి. పదమూడో రోజు సాయంత్రం దాకా గుడ్లు గుడ్లుగానే ఉన్నాయంట. ఆ పైన నాలుగు రోజులు తను చూళ్ళేదు. పిల్లల అరుపులు వినబడ్డాయంట గానీ, మొదటి రోజు వినబడింది పిల్లలదో పెద్దవాటిదో కచ్చితంగా చెప్పలేనంది. చూడనిది చూసినట్టు రాయొద్దని మరీ మరీ చెప్పమంది."

అబ్రహాముగారు పిల్లల్ని ఇంకోసారి చూశారు. రెండు రోజులవి కావచ్చు, మూడు రోజులవి కావచ్చు, చెప్పలేమన్నారు. పదమూడు అని రాసుకున్నారు, తరువాత చాలా చోటు వదిలేశారు. ఆయన ముఖం చిన్నబోయింది గానీ ఎవరినీ ఒక్క మాట అనలేదు. చూడనిది చూసినట్టు రాయొద్దు అన్న మాట మాత్రం కోటిలింగం చెవిలో ఆగిపోయింది. తాను ముఖం కూడా ఎరగని పిల్ల, చీకటి గదిలో, నాలుగు రోజులు కిటికీ పోగొట్టుకుని కూర్చుని కూడా, వినబడిందనీ చూశాననీ కలపకుండా విడదీసి చెప్పింది. తాను ఆ రెండింటినీ కలపడానికి ఒక్క రాత్రి కూడా పట్టలేదు.

"ఆ నాలుగు రోజులూ ఎందుకు చూడలేదో కారణం రాయాలండీ. లేకపోతే మొత్తం లెక్క మీద అనుమానపడతారు. ఏమని రాయమంటారు?" అని అబ్రహాముగారు నాగుల్ మీరాను అడిగారు.

నాగుల్ మీరా ఒక్కసారి కోటిలింగం వైపు చూశాడు.

"ఎండ పడతందని గోనె కట్టాం. అలా రాసుకోండి" అన్నాడు.

ఎంత సులువైన మాట. అది తూర్పు కిటికీ, వైశాఖం ఎండలు. ఎవరైనా నమ్ముతారు. ఎవరిని అవమానపరిచాడో ఆ మనిషే ఆయన్ను ఒడ్డున పడేయడానికి చెయ్యి చాపాడు. కోటిలింగం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరి ముందూ పైపంచెతో తుడుచుకున్నాడు.

"అది రాయకండి. నావల్ల అని రాయండి" అన్నాడు.

అబ్రహాముగారు ఆయన వంక చూసి, రాసి, పైకి చదివారు. పదమూడు దినములు పొదుగుట జహీదా అను ఆమెచే చూడబడినది. పిదప నాలుగు దినములు గృహయజమాని మూలమున చూచుటకు వీలుపడలేదు. గుడ్లు పగిలిన దినము తెలియదు.

సరేనా అన్నట్టు తల ఎత్తారు.

"గృహయజమాని అంటే ఎవరో తెలియదు గదండీ. పేరు రాయండి" అన్నాడు కోటిలింగం.

అబ్రహాముగారు ఆ మాట కొట్టేసి, పైన పేరు రాసి, సరిగ్గా ఉందో లేదో చూసుకోమని నోటుబుక్కు ఆయన చేతికిచ్చారు. కోటిలింగం కళ్ళజోడు పెట్టుకుని చదువుకున్నాడు. సరిగ్గానే ఉంది.